ఖాల్తీ అంటే చిన్నమ్మ

డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఇండియన్ గ్రాసరీ పక్కన నాకో డేకేర్ ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా మన పిల్లలే, అందులో సగం మంది తెలుగువాళ్ళే. ఆదివారం పొద్దున మాత్రం ఆ గది వేరేవాళ్ళది. ఇజ్రాయెల్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కొన్ని కుటుంబాలు, కొందరు యూదులు, కొందరు అరబ్బులు, తమ పిల్లల కోసం అక్కడ ఒక క్లాసు పెట్టుకున్నారు. ఆ దేశంలో అరబ్బులు కూడా పౌరులేనని, వాళ్ళదీ అదే పాస్‌పోర్టని అప్పటిదాకా నాకు తెలియదు. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మావాళ్ళలో ఎవర్ని అడిగినా తెల్లమొహం వేస్తారు.

క్లాసుకి ఇద్దరు టీచర్లు. ఒకావిడ యూదు, పిల్లలతో హీబ్రూ తప్ప మాట్లాడదు. ఇంకొకావిడ అరబ్, ఆవిడ అరబిక్ తప్ప మాట్లాడదు. ఒకరు చెప్పింది ఇంకొకరు అనువాదం చేయకూడదు, అదీ వాళ్ళ నియమం. రెండు భాషలూ చెవిన పడుతూ ఉంటే పిల్లలకి రెండూ వచ్చేస్తాయని, అక్కడ పక్కపక్కన బతికే వాళ్ళు ఒకరి మాట ఒకరు తెలిసి పెరగాలని వాళ్ళ ఆశ. లైసెన్స్ నా పేరున ఉంది కాబట్టి తలుపు తీసి, అయిపోయేదాకా కూర్చోవడం నా పని. ఊరికే కూర్చునే రకాన్నా నేను? జిగురు సీసాలకి మూతలు పెట్టేదాన్ని, ముక్కులు తుడిచేదాన్ని, అరిచేవాళ్ళ మీద తెలుగులో అరిచేదాన్ని.

టీచర్లిద్దరిదీ ఒకే ఊరు, సముద్రం పక్కన. అక్కడ ఏనాడూ ఎదురుపడలేదట. ఇక్కడి లైబ్రరీలో పిల్లలకి కథలు చదివే చోట కలిశారు. అప్పట్నుంచీ ఒకటే కబుర్లు. నా గదిలో చిన్న కుర్చీల మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని పకపకా నవ్వుకునేవాళ్ళు. ఆ కబుర్లన్నీ హీబ్రూలోనే. అరబిక్ టీచర్‌కి హీబ్రూ మంచినీళ్ళప్రాయం. బడిలో చదివింది, అక్కడి ఆస్పత్రిలో ఆ భాషలోనే ఉద్యోగం చేసింది. హీబ్రూ టీచర్‌కి అరబిక్‌లో తిండి పేర్లు, రెండు తిట్లు వచ్చు. ఆ తిట్లు తిట్టి తనే నవ్వేది. పిల్లలకి రెండు భాషలూ నేర్పే క్లాసులో టీచర్‌కే రెండోది రాదన్న సంగతి మా ఎవరికీ వింతగా తోచలేదు.

తర్వాత అక్కడ యుద్ధం వచ్చింది. మొదటి రోజు జరిగిన దాడిలో హీబ్రూ టీచర్ చిన్ననాటి స్నేహితురాలు చనిపోయింది. అరబిక్ టీచర్ వారమంతా వండి తీసుకెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది, హీబ్రూలో ఓదార్చింది. ఆపైన గాజా మీద బాంబులు మొదలయ్యాయి. అరబిక్ టీచర్ తల్లికి ఒక చెల్లెలు, పెళ్ళయి ఎప్పుడో గాజాకి వెళ్ళిపోయినావిడ. ఆవిడ ఫోన్ ఒక రోజు కలిసేది, నాలుగు రోజులు కలిసేది కాదు.

మా ఇంట్లో టీవీ ఆగేది కాదు. మా ఆయన వార్తలు పెడితే నేను బెండకాయలు తరుగుతూ చూసేదాన్ని. మొదట్లో చేతిలో కత్తి ఆగిపోయేది, కళ్ళు తుడుచుకునేదాన్ని. కొన్నాళ్ళకి కత్తి ఆగడం మానేసింది. కూలిన ఇళ్ళు చూస్తూనే తొడిమలు తీసేదాన్ని, ఉప్పు సరిపోయిందో లేదో ఆయన్ని అడిగేదాన్ని. బాధ వేయడం లేదని తెలుస్తూనే ఉంది, దానికి కూడా బాధ వేయలేదు.

ఒక ఆదివారం అరబిక్ టీచర్ ఆలస్యంగా వచ్చింది. పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. ఆవిడ బ్యాగ్ కూడా దించకుండా నేరుగా హీబ్రూ టీచర్ దగ్గరికి వెళ్ళి గబగబా ఏదో చెప్పింది, అరబిక్‌లో. ఇద్దరి మధ్యా నేను ఆ భాష వినడం అదే మొదలు. నాకు అందిన మాట ఒక్కటే. ఖాల్తీ, ఖాల్తీ అంటోంది. వరంగల్‌లో మా పక్కింటి ముస్లింల పిల్లలు వాళ్ళ చిన్నమ్మని ఖాలా అని పిలిచేవాళ్ళు. ఆ మాటా, ఈవిడ మొహమూ చూసేసరికి గాజాలో ఆ చిన్నమ్మ పోయిందని నాకు తెలిసిపోయింది.

హీబ్రూ టీచర్ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని హీబ్రూలో ఏదో అడిగింది. ఆ అడిగింది ఏమిటో తర్వాత తనే నాకు చెప్పింది: "నాకు అర్థం కావట్లేదు, హీబ్రూలో చెప్పు."

అరబిక్ టీచర్ చేతులు విడిపించుకుంది.

ఎవరో ఒకరు చెప్పాలి కదా అని నేనే ఇంగ్లిష్‌లో అన్నాను, "వాళ్ళ చిన్నమ్మ." ఇద్దరూ నా వైపు తిరిగారు.

అరబిక్ టీచర్ ఇంగ్లిష్‌లో అంది, "చూడు, ఈవిడకి అర్థమైంది. ఇన్నేళ్ళూ నీకు ప్రతి మాటా నీ భాషలోనే చెప్పాను. ఇది చెప్పలేను."

ఆ రోజు నుంచి ఆవిడ హీబ్రూ మాట్లాడలేదు. క్లాసుకి మాత్రం వచ్చేది, పిల్లలకి పాటలు పాడేది, బూట్ల లేసులు కట్టేది. హీబ్రూ టీచర్ ఇంగ్లిష్‌లో ఏదైనా అడిగితే అవును, కాదు, అంతే. ఇక మధ్యలో నేను పోస్టుమాన్‌ని. "కత్తెరలు ఎక్కడున్నాయో ఆవిడని అడగండి." "కత్తెరలు కడగడానికి తీశానని చెప్పండి." ఇద్దరూ నాకు బారెడు దూరంలోనే ఉండేవాళ్ళు. ఒకసారి ఒళ్ళు మండి, "అమ్మా తల్లుల్లారా, మీకు కళ్ళూ చెవులూ ఉన్నాయి కదా, నన్ను చంపకండి" అని తెలుగులోనే అనేశాను. ఏమన్నానో ఇద్దరూ అడగలేదు.

మే నెలలో బడి సంవత్సరం అయిపోగానే మానేస్తానని అరబిక్ టీచర్ పిల్లల తల్లిదండ్రులకి చెప్పేసింది. ఆవిడ లేకపోతే అరబ్ కుటుంబాలు రావు. అవి రాకపోతే మిగిలేది మామూలు హీబ్రూ క్లాసు, అలాంటివి డాలస్ చుట్టుపక్కల ఉన్నాయి. ఆవిడ ఉంటుందా, పోతుందా అన్నదాని మీదే క్లాసు నిలబడి ఉంది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆవిడతో మాట్లాడే ధైర్యం ఎవరికీ లేదు.

పక్క గ్రాసరీలో నా స్నేహితురాలు కనపడితే గోడు వెళ్ళబోసుకున్నాను. ఆవిడది గుంటూరు వైపు.

"మనకెందుకే వాళ్ళ గొడవ? తాళం తీశావా, వేశావా, అంతవరకే చూసుకో" అంది.

"గట్లంటవేందే! ప్రతి ఐతారం నా ముంగటనే గదా కూసుంటరు" అన్నాను.

ఆవిడ కిసుక్కున నవ్వింది. "అబ్బా, నీకు కోపమొస్తే భలే వస్తుందే ఆ భాష!"

కోపమొస్తే వచ్చేది కాదే, అది నా భాషే అందామనుకున్నాను, అనలేదు. హైదరాబాద్ కాలేజీలో నా మాటకి నవ్వారని మార్చుకున్నాను. ఇక్కడికొచ్చాక ఈవిడతో ఎప్పుడూ ఈవిడలాగే మాట్లాడాను. నాలాగా ఈవిడ ఒక్కసారైనా మాట్లాడిందా అని ఏనాడూ ఆలోచించలేదు. అయినా నాది అరబిక్ టీచర్ బాధతో పోల్చేది కాదు. మా తమ్ముడు పోయినప్పుడు "మా తమ్ముడు పాయెనే" అని ఈవిడకి ఫోన్ చేశాను. ఆ మాట ఎవరూ విప్పి చెప్పకుండానే అర్థమైంది, పరిగెత్తుకొచ్చింది. నా మాటకి నవ్వారు గానీ, అది ఎవరికీ అర్థం కాకుండా పోలేదు.

మే నెలలో ఆఖరి క్లాసు. పిల్లలు ద్రాక్షపళ్ళు తింటున్నారు. నేను బొమ్మలు డబ్బాల్లో సర్దుతున్నాను. హీబ్రూ టీచర్ వచ్చి అరబిక్ టీచర్ ఎదురుగా ఒక చిన్న కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒడిలో చేతులు ముడుచుకుని, పరీక్షకి అప్పజెప్పే పిల్లలా ఒక్కో మాటా ఏరి అరబిక్‌లో ఒక వాక్యం అంది. ఎక్కడో తడబడింది, సరిచేసుకుంది. ద్రాక్ష తింటున్న పాప ఒకతి నా వైపు తిరిగి, అడక్కుండానే ఇంగ్లిష్‌లో చెప్పింది, "మీ ఆంటీ గురించి నాకు చెప్పు అని అడుగుతోంది." అనువాదం చేయకూడదన్న నియమం ఆ పిల్లకేం తెలుసు.

అరబిక్ టీచర్ తన బ్యాగ్ దగ్గరికి లాక్కుంది. లేచి వెళ్ళిపోతుందనే అనుకున్నాను. తర్వాత మొదలుపెట్టింది. ఎదుటిమనిషికి అరబిక్ రాదని తెలిసీ, వచ్చిన మనిషికి చెప్పినట్టే చెప్పింది. వేగంగా, చేతులు ఊపుతూ. ఒకచోట నవ్వింది, ఒకచోట కళ్ళు తుడుచుకుంది. పాప తినడంలో పడింది, నాకు ఏమీ చెప్పలేదు. హీబ్రూ టీచర్ కళ్ళు ఆవిడ నోటి మీదే ఉన్నాయి. తనకి ఏమీ అర్థం కావడం లేదని ఆ మొహం మీదే రాసి ఉంది. అయినా ఆపలేదు, ఇంగ్లిష్‌లో చెప్పమనలేదు, నా వైపు చూడలేదు.

అంతా అయ్యాక అరబిక్ టీచర్ ఏదో అడిగింది. అర్థమైందా అనే అయ్యుండాలి. హీబ్రూ టీచర్ అడ్డంగా తలూపింది. "కమాన్ మర్రా" అంది. ఇంకోసారి అని. క్లాసులో పిల్లలు ఎప్పుడూ అనే మాటే.

ఆవిడ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది, ఈసారి నెమ్మదిగా.

నేను బొమ్మల డబ్బా ముందు నేల మీద కూర్చుండిపోయాను. ఎన్ని నెలల తర్వాతో ఏడుపొచ్చింది. వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర అరబిక్ టీచర్‌ని పట్టుకుని అడిగాను, "సెప్టెంబర్‌లో వస్తారా?"

"తెలియదు" అంది. నిజంగానే తెలియనట్టు ఉంది.

వేసవంతా ఎవరి దగ్గర్నుంచీ మెసేజ్ లేదు. ఆదివారాలు గది ఖాళీగా ఉండేది, నేను ఇంట్లోనే ఉండి టీవీ ముందు కూరలు తరిగాను.

సెప్టెంబర్ మొదటి ఆదివారం తలుపు తీసేసరికి ఇద్దరూ ఒకే కారులో వచ్చారు. అరబిక్ టీచర్ చిక్కిపోయింది, పలకరిస్తే తలూపి లోపలికి వెళ్ళిపోయింది. హీబ్రూ టీచర్ నా దగ్గర ఆగి, లోపలికి వినపడకుండా ఇంగ్లిష్‌లో అంది, "వేసవిలో ఆ చిన్నమ్మ కొడుకు కూడా పోయాడు."

"మీకెవరు చెప్పారు?" అన్నాను.

"తనే. అరబిక్‌లో."