కోదాడ ఫారంలో ‘దగ్గరి మనిషి’ ఎవరు?

మొన్న వానాకాలం మొదట్లో మా ఆయన స్నానాల గదిలో కాలుజారి పడ్డారు. అదృష్టం బాగుండి ఎముక విరగలేదు గానీ మూడు వారాలు మంచం దిగలేదు. ఆయన్ని లేపి కూర్చోబెట్టాలంటే ప్రతిసారీ పక్కింటివాళ్ళను పిలవాల్సి వచ్చేది. నాలుగో రోజుకే నా నడుము పట్టేసింది. నాకు అరవై మూడు, ఆయనకు డెబ్బై, పిల్లల్లేరు. మంచాన పడ్డాక వెతుక్కోవడం కంటే కాళ్ళు ఆడుతున్నప్పుడే చూసుకోవడం నయమని, ఆయన కోలుకోగానే బయలుదేరాం. కోదాడలో ఒక వృద్ధాశ్రమం, మిర్యాలగూడలో ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళను చూసుకునే ఒకామె. సూర్యాపేట నుంచి పొద్దున్నే బయలుదేరితే రెండూ ఒక్కరోజులో చూసి రావచ్చు.

ఏడున్నరకు విజయవాడ వైపు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, గంటలో కోదాడ. ఆధార్ కార్డు చూపించి నేను ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ తీసుకుంటే, డ్రిల్ మాస్టారుగా రిటైరైన మా ఆయన తన టికెట్‌కు డబ్బులిస్తూ దారంతా సణిగారు. బస్టాండు నుంచి ఆశ్రమానికి ఆటోకు ఎనభై రూపాయలు. అక్కడ గదులు శుభ్రంగా ఉన్నాయి, ఇడ్లీ మెత్తగా ఉంది, కిటికీ పక్క మంచం ఎవరిదన్న దాని మీద మేమిద్దరం అప్పుడే వాదులాడుకున్నాం కూడా. మేనేజరు చెరొక ఫారం ఇచ్చారు. ‘దగ్గరి మనిషి’ అన్నచోట నేను ఆయన పేరు రాశాను, ఆయన నా పేరు రాశారు. అంతకంటే దగ్గరివాళ్ళు ఇంకెవరుంటారు?

మేనేజరు రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

“మీరిద్దరూ ఒకరి పేరు ఒకరు రాసుకున్నారమ్మా. మంచాన పడ్డ రోజున వచ్చి ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళ పేరు కావాలి మాకు.”

నాకు అర్థం కాలేదు. మేనేజరే ఓపిగ్గా చెప్పారు. లేచి నడిచి, తమ చేత్తో తాము అన్నం తినగలిగినంత కాలమే అక్కడ ఉండనిస్తారట. లేవలేనివాళ్ళను చూసుకునే మనుషులు వాళ్ళ దగ్గర లేరట.

“మంచాన పడితే సూసేటోళ్లు లేరనే గదా మేం వచ్చింది?” అన్నాను.

అందరూ అదే అడుగుతారని మేనేజరు నెమ్మదిగా చెప్పారు. ఆయన మీద కోపం వచ్చింది, కానీ ఆ కోపం ఆటో ఎక్కేలోపే మా మీదికి తిరిగింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో గోడలకు ఏ రంగు వేయాలన్నది కూడా ముందే అనుకునేవాళ్ళం. మా ఇద్దరూ కాక మూడో మనిషి పేరు ఒకటి కావాలని మాత్రం ఏనాడూ తట్టలేదు.

మిర్యాలగూడకు హుజూర్‌నగర్‌లో బస్సు మారాలి. మధ్యలో టీకి ఆగడం, బస్సు మారడానికి నిలబడడం కలిపి మొత్తం రెండు గంటలకు పైనే పట్టింది. సిమెంటు లారీల దుమ్ముకు కిటికీ మూసేసుకున్నాం.

దామరచర్ల దగ్గరి తండా నుంచి వచ్చి మిర్యాలగూడలో కిరాయికి ఉంటున్న సక్కుబాయి, పదిహేనేళ్ళుగా మంచంలో ఉన్నవాళ్ళను చూసుకుంటోంది. ఎవరు పడ్డారని అడిగింది. ఇంకా ఎవరూ పడలేదంటే ఆశ్చర్యపోయింది. నడుచుకుంటూ తన దగ్గరికి వచ్చినవాళ్ళు ఇంతవరకు లేరట. ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలో, ఎలా ఒళ్ళు తుడవాలో చెప్పి, ఉన్నట్టుండి మా ఇద్దరిలో ఎవరు ముందు పోతామనుకుంటున్నామని అడిగింది.

నేను తడుముకోకుండా జవాబిచ్చాను. “నేనే. పసుపు కుంకుమలతోని పోవాలెనని రోజు మొక్కుతున్న.”

“ఆడోళ్లందరు గట్లనే అంటరమ్మా,” అంది సక్కుబాయి. “మరి సార్‌ను ఎవలు లేపుతరు?”

ఆయన వైపు చూశాను. ఆయన తలెత్తలేదు.

“నువ్వు మొక్కినప్పుడల్లా వింటనే ఉన్న,” అన్నారు. “ఒక్కన్నెట్లుండాలెనో అని భయమైతది. నువ్వు బాధపడతవని చెప్పలే.”

ఇన్నేళ్ళుగా దేవుడి ముందు నేను అడుగుతున్నది ఆయన్ని ఒంటరిగా వదిలెయ్యమనా? అది నా అదృష్టమనే అనుకున్నాను గానీ, వెనకాల మిగిలే మనిషి గురించి ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

అయిదు గంటల బస్సుకు ముందు, సూర్యాపేటలోనే ఉండే మా అక్క కూతురికి ఫోన్ చేసి ఫారంలో తన పేరు రాయవచ్చా అని అడిగాను. రాసుకోమంది, తను ఏమేం చెయ్యాలో కూడా కాగితం మీద పెట్టమంది. ఇలాంటి చోట్లకు వెళ్ళేవాళ్ళు గదులు, భోజనం తర్వాత చూడండి, లేవలేని రోజున ఉంచుకుంటారా అని ముందు అడగండి. మీ ఇద్దరికంటే చిన్నవాళ్ళ పేరు ఒకటి, వాళ్ళను అడిగి మరీ, రాసిపెట్టుకోండి. మర్నాడు పొద్దున దీపం పెట్టి చేతులు జోడించాను. అలవాటైన మాట నాలిక చివరిదాకా వచ్చింది. వెనక గదిలో ఆయన పేపరు తిప్పడం ఆపేశారు.