ముళ్లు తీసిన చేప

నా మాటలు నమ్మేవాళ్లు మా ఇంట్లోనే లేరు. అందుకే కొల్లేటి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి ముక్కా నిజం.

కలిదిండి నుంచి ఏలూరు వెళ్లే బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు. ఒళ్లో క్యారియరు, చేపల పులుసు వాసన.

“ఆసుపత్రిలో ఎవరున్నారండీ?” అన్నాను.

“మా చేపల చెరువులో విషం కలిపినాయనండీ. బండి మీంచి పడ్డాడు. రెండు చేతులకీ కట్లు, చూసేవాళ్లు లేరు.”

“అయితే పులుసులో కారం బాగా దట్టించారన్నమాట.”

ఆవిడ నవ్వారు. “ముళ్లు తీసి తెచ్చానండీ, నేనే తినిపించాలిగా. మొదటిరోజు ఆయన నోటిదాకా నా చెయ్యి వెళ్లలేదు. ప్రభువుని అడిగి అడిగి పెట్టాను.”

దిగేముందు, “సాయంత్రం ప్రార్థనలో మీవాళ్ల పేరేదైనా చెప్పమంటారా అండీ?” అన్నారు.

పొలం తగువులో మాటలు మానేసిన అత్తిలిలో ఉంటున్న మా తమ్ముడి పేరు నా నోట వచ్చింది. మరిచిపోకుండా ఆవిడ ఆ పేరు తనలో తాను అనుకుంటూ దిగారు.

ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేశాను. “అన్నయ్యా” అని వాడు ఏడ్చాడు.

ఇక ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ఆ ఫోన్ ఒక్కటే కల్పించాను. ఆవిడ ఇప్పటికీ వాడి పేరు చెబుతూనే ఉండుంటారు. నేను మాత్రం ఫోన్ చేతిలో పట్టుకుని, వాడు “అన్నయ్యా” అంటే ఎలా ఉంటుందో అనుకుంటూ కూర్చుంటాను.