హిట్లర్ గారికి ఆ పేరు ఎందుకు పెట్టారంటే

నిన్న పొద్దున్నే ఫోన్. స్పీకర్‌లో పెట్టాను.

"హిట్లర్ గారు పోయారండీ. హార్ట్ ఎటాక్."

మొన్న ఆదివారమే కలిసి టిఫిన్ తిన్నాం.

వాకిట్లో పేపర్ చదువుకుంటున్న పక్కింటాయన తలెత్తి, ఆయన ఎప్పుడో పోయాడు కదండీ అన్నారు. నాకు ముందు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. మా హిట్లర్ గారిది పామర్రు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో నాకు సీనియర్. అసలు కోపమే లేని మనిషి అని పోయినవాళ్ళందరి గురించీ రాస్తారు కాబట్టి నేను రాయను. ఆయనకు కోపం వచ్చేది. ఇడ్లీకి కారప్పొడి తక్కువ వేస్తే చాలు. కానీ ఆ పేరుకు తగ్గ కోపం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

మన వైపు గారు, అండీ లేకుండా మాట రాదు కదా. "హిట్లర్ గారూ, టీ చెప్పమంటారా అండీ" అని ప్లాంట్ అంతా పిలిచేది. కొత్తగా చేరినవాళ్ళు కొన్నాళ్ళు నవ్వేవాళ్ళు, తర్వాత వాళ్ళకీ అలవాటైపోయేది.

నాకు మాత్రం అలవాటు కాలేదు. ఆయన తమ్ముడికి వెంకటేశ్వరరావు అని లక్షణంగా పెట్టినవాళ్ళు, ఈయనకి ఇదెందుకు పెట్టారు?

అడిగితే, మా నాన్నకి పేపర్ల పిచ్చిలెండి అని తప్పించుకునేవారు. నిజానికి ఆయనకీ తెలియదు. నాన్న ఈయన చిన్నప్పుడే పోయారు.

ఒకసారి టర్బైన్ చూడటానికి జర్మనీ నుంచి ఒక ఇంజనీర్ వచ్చాడు. ఆ వారం లీవ్ పెట్టండి బాబూ అని మా బాస్ ఈయన్ని బతిమాలారు. నా మెషీన్ దగ్గర నేను లేకపోతే ఎలాగండీ అని ఈయన వచ్చేశారు. బాస్ ఇంటిపేరుతో పరిచయం చేసి గండం గట్టెక్కించారు.

చివరి రోజు టీ దగ్గర ఆ జర్మన్ పూర్తి పేరు అడిగాడు. ఈయనకేమో అబద్ధం చేతకాదు.

అతను కప్పు కింద పెట్టాడు.

కోప్పడలేదు. తన తాత ఆ పేరు వెనకాల నడిచిన మనిషేనని, ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఆ పేరు ఎత్తరని చెప్పాడు. తర్వాత, మీ అమ్మ ఉన్నారా అని అడిగాడు. ఉన్నారంటే, మరి ఎందుకు పెట్టారో ఇన్నాళ్ళూ అడగలేదేం అన్నాడు.

ఆ సాయంత్రం హిట్లర్ గారు నాతో, పేరు మార్చుకుంటాను అన్నారు. కూతురికి సంబంధం కుదిరింది. శుభలేఖ మీద ఈ పేరు వద్దని ఆ పిల్ల కూడా ఏడుస్తోందట.

అమ్మని అడగడానికి ఆయన పామర్రు వెళ్తుంటే నేనూ బండెక్కాను. ఎందుకో తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు.

వాళ్ళమ్మగారిని నేను మామ్మగారూ అనే పిలిచాను. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెప్పారు.

ఈయనకంటే ముందు ఇద్దరు పుట్టి, పురిట్లోనే పోయారు. ఈయన పుట్టగానే ఆవిడ అత్తగారు పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసి, పెంటయ్య అని పెట్టమన్నారు. మన ఊళ్ళలో ఉన్నదే కదా, ఆ పేరు చూసి చావు అసహ్యించుకుని వదిలేస్తుందని. పేపర్లు చదివే నాన్నగారు ఒప్పుకోలేదు.

"ఎవరో పెద్ద రాక్షసుడంట. ఆ పేరు చెప్తే దేశాలే వణికినియ్యంట. చావు అసహ్యపడటం కాదే, జడుసుకోవాల అన్నారు మీ నాన్న. ఆయనెవరో నాకేం తెలుసు అబ్బాయ్? నువ్వు బతికావు. నాకదే చాలు."

తమ్ముడు పుట్టేనాటికి ఆ భయం తగ్గింది. అందుకే వెంకటేశ్వరరావు.

హిట్లర్ గారు మెల్లగా, పేరు మార్చుకోనా అమ్మా అని అడిగారు.

ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"నేను పోయిందాకా ఆగు నాయనా. తర్వాత నీ ఇష్టం."

తిరిగొస్తుంటే ఉయ్యూరు దాటాక ఆయన నోరు విప్పారు.

"అంత చెడ్డోడి పేరండీ. నన్ను బతికించుకుందామని పెట్టారు. ఇప్పుడేం చెయ్యమంటారు?"

బండి నడిపాను.

శుభలేఖ మీద ఆ పేరే పడింది. కూతుర్ని కూర్చోబెట్టి ఆయనే అంతా చెప్పుకున్నారు. వియ్యాలవారు ముందు ముసిముసిగా నవ్వుకున్నారు, భోజనాల వేళకి వాళ్ళూ హిట్లర్ గారూ అనే పిలిచారు.

నిన్న మధ్యాహ్నం మామ్మగారిని పామర్రు నుంచి కార్లో తీసుకొచ్చారు. కొడుకు ముఖం చాలాసేపు తడిమారు. తర్వాత నన్ను గుర్తుపట్టి దగ్గరికి రమ్మన్నారు. నా చెయ్యి పట్టుకున్నారు.

"నాకు చెప్పకుండా వాడు పేరు గానీ మార్చుకున్నాడా బాబూ?"

లేదండీ మామ్మగారూ, మార్చుకోలేదు అన్నాను.

"మరెట్టా పోయాడు?"

అవునని అబద్ధం చెప్పుంటే ఆవిడకి ఒక కారణమైనా దొరికేదా, లేక ఇంకా కుమిలిపోయేవారా? నిన్నటి నుంచీ ఆలోచిస్తున్నాను. తేలడం లేదు.

వెళ్ళిరండి హిట్లర్ గారూ. అమ్మ మాట దాటకుండానే వెళ్ళారు.

మీకు ప్రశాంతత దొరకాలి. మామ్మగారికి కూడా.