గేటుకి అడ్డంగా కుర్చీ

మధ్యాహ్నం ఏడో తరగతికి పాఠం చెబుతుండగా పడమటి కిటికీలోంచి ఉరుము వినిపించింది. కాసేపటికి అదే దిక్కున మరొకటి, ఆ వెనక ఇంకొకటి. బయట ఎండ కాస్తూనే ఉంది. నా చేతిలో సుద్దముక్క మాత్రం ఆగిపోయింది. జులేఖా మేడం గుర్తొచ్చారు.

ఇరవై ఏళ్ళ కిందట విడవలూరు దగ్గరి ఈ బడిలో నేను కొత్తగా చేరినప్పుడు ఆవిడే హెడ్మిస్ట్రెస్. నెల్లూరులో అత్తరు వ్యాపారం చేసుకునే కుటుంబం. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. సముద్రం పక్కన పుట్టిన మాకందరికీ ఒక అలవాటుంది: వాన అనగానే తూర్పుకి తిరుగుతాం. తుఫాను వచ్చేది అటునుంచే కదా. ఒకరోజు నేనూ అలాగే వరండాలో నిలబడి తూర్పుకి చూస్తుంటే, ఆవిడ నా భుజాలు పట్టుకుని పడమటికి తిప్పేశారు.

"తుఫాను వచ్చే ముందు ఊరంతా చాటింపేస్తారు అమ్మాయ్. వాగు చెప్పి రాదు. ఉరిమిన చోటే మళ్ళా మళ్ళా ఉరమతా ఉందంటే ఆ మబ్బు కదలట్లేదని. ఉన్నదంతా ఒక్కచోటే కుమ్మరిస్తది. ఆ నీళ్ళు మన వాగులోకే గదా రావాల?"

బడికీ, పిల్లల్లో సగం మంది ఉండే పాలేనికీ మధ్యన ఉంది ఆ వాగు. దాని మీద చప్టా. మామూలు రోజుల్లో మోకాలు కూడా తడవదు. ఎగువన మబ్బు నిలిచిపోయిన రోజు మేడం పిల్లల్ని పంపేవారు కాదు. తన కుర్చీ తెచ్చి గేటుకి అడ్డంగా వేసుకుని కూర్చునేవారు. నేను మొదటిసారి చూసినప్పుడు, పిల్లల్ని తీసుకెళ్ళే ఆటో శీనయ్య మండిపడ్డాడు.

"ఈడ చుక్క పడలా గదా మేడం! ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, యాడో ఉరిమితే నా ఆటో మీద పడతారేంది?"

ఆ సాయంత్రం వాగుకి నీళ్ళు రాలేదు. ఊరంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. మేడం మాత్రం వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "నవ్వుకోనీ. పిల్లలు ఇంటికి చేరినాక నవ్వే నవ్వు గదా, మనకేం నష్టం?" అన్నారు. ఆ గుండె నిబ్బరం చూసి నాకు అసూయ పుట్టింది.

మరుసటి ఏడు వానలకి మళ్ళీ కుర్చీ పడింది. శీనయ్య కూతురు సుజాత కూడా లోపలే ఉంది. పెళ్ళికి పోవాలంటూ అతను గేటు పట్టుకుని ఊపుతున్నాడు. మేడం కదల్లేదు. ఆ వాదులాట మధ్యలోనే వాగు వైపు నుంచి హోరు వినిపించింది. చూస్తుండగానే చప్టా మునిగిపోయింది. ఎర్రనీళ్ళు ఒక తాటిమొద్దుని పుల్లలా తోసుకుపోయాయి. మా నెత్తిన మాత్రం ఎండే. శీనయ్య గేటు వదిలేసి నేల మీద కూలబడ్డాడు. మేడం గుప్పెడు వేరుశనక్కాయలు అతని చేతిలో పోసి, పిల్లలకి ఉప్మా చేయించమని నన్ను పంపారు. నీళ్ళు తగ్గాక మర్నాడు పిల్లలంతా క్షేమంగా ఇళ్ళకి చేరారు.

మేడం పోయి ఏడాది దాటింది. ఆవిడంటే నాకిప్పటికీ వల్లమాలిన ప్రేమ. ఇవాళ పాఠం ఆపి, ఆవిడ కుర్చీనే మోసుకెళ్ళి గేటుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను. నీళ్ళు రాకపోతే నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ.

బడి వదిలే వేళకి, కొడుకుని తీసుకెళ్ళడానికి శీనయ్య కూతురు సుజాత స్కూటీ మీద చప్టా దాటి వచ్చింది. నన్ను చూసింది, కుర్చీని చూసింది, తలెత్తి పడమటికి చూసింది. స్కూటీకి స్టాండు వేసింది.

"ఇంకో కుర్చీ ఉందా టీచర్?" అంది.