క్లచ్‌లో గాలి

ఆ శనివారం సాయంత్రం చాంద్రాయణగుట్ట సిగ్నల్ దగ్గర క్లచ్ పూర్తిగా నొక్కి పట్టుకున్నా నా బండి మెల్లగా ముందుకు పాకింది. ముందున్న ఆటోకు తగిలి ఆగింది. ఇంజిన్ కూడా ఆగిపోయింది. ఆటో ఆయన తల బయటపెట్టి తిట్టబోయి, నా మొహం చూసి మానుకున్నాడు. పొద్దుటి నుంచీ నయాపూల్ దుకాణాల్లో జిరాక్స్ మిషన్లు విప్పి, తుడిచి, బిగించి వస్తున్నాను. ఏళ్ల తరబడి అదే నా పని. ఆ వేళకు నా మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

బండిని తోసుకుంటూ మా గల్లీ మొదట్లో ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన క్లచ్ లివర్ నొక్కి చూశాడు. పిండిలోకి వేలు దిగినట్టు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసింది.

"వైర్ క్లచ్ అయితే ఇప్పుడే మార్చి ఇస్తుంటి. ఇది ఆయిల్‌ది భాయ్. లోపట గాలి జొచ్చింది. షోరూంకు తీస్కపో."

"నువ్వు చెయ్యవా?"

"నక్కో భాయ్. ఒకసారి గిట్లనే ఒకరి బండి ముట్టుకుంటే మస్తు లొల్లయింది. కానీ పెద్ద పనేం గాదు. ఇంట్ల ఇంకో మనిషుంటే నువ్వే చేస్కోవచ్చు."

ఎలా చెయ్యాలో ఆయనే చెప్పాడు. మామూలు బండిలో లివర్ నుంచి ఇంజిన్ దాకా తీగ ఉంటుంది. నా బండిలో తీగ బదులు సన్న గొట్టం నిండా ఆయిల్. లివర్ నొక్కితే ఆ ఆయిల్ పోయి క్లచ్‌ను తోస్తుంది. అందులో గాలి చేరితే మన బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది. కింద ఇంజిన్ పక్కన ఉన్న నిప్పల్ అనే చిన్న బోలు మరను వదులు చేసి, ఆ గాలిని బయటికి పంపాలి. షోరూం ఊరికి ఆ చివరన ఉంది. అంత దూరం పోయి, బండి వదిలి, మళ్లీ బస్సులో రావాలని తలుచుకుంటేనే ఒళ్లు బరువెక్కింది. ఒక బ్రేక్ ఆయిల్ డబ్బా కొనుక్కొని ఇంటికి వచ్చాను.

మా గ్యారేజీ ఒకప్పుడు మా నాన్న బర్రెల కొట్టం. బర్రెలు పోయి చాలా కాలమైనా గచ్చు ఇంకా కాలువ వైపు వాలుగానే ఉంది. స్టాండు కింద ఇటుక పెడితే గాని బండి నిలవదు. ఆదివారం మధ్యాహ్నం అక్కడ నిప్పల్‌కు పారదర్శకమైన పైపు తొడిగి, దాని రెండో కొస సీసాలో పెట్టి, నా భార్యను పిలిచాను. ఆమె ముందు గదిలో పెరుగు అమ్ముతుంది. తెల్లవారుజామున లేచిన మనిషి, అప్పుడే కాస్త నడుం వాల్చింది.

"ఒక్క ఆదివారం గూడ పండనియ్యవు గదా," అంటూ వచ్చింది.

"మూడు నాలుగుసార్లు నొక్కు. తర్వాత గట్టిగ పట్టుకో. నేను ఇడువు అనేదాక ఇడవకు."

ఆమె నొక్కి పట్టుకుంది. నేను పానాతో నిప్పల్ కొంచెం తిప్పాను. డికాషన్ లాంటి నల్లటి ఆయిల్, దానితో పాటు బుడగలు పైపులోకి వచ్చాయి. బిగించి, "ఇడువు" అన్నాను. పైన హ్యాండిల్ మీదున్న ఆయిల్ డబ్బీలో కొత్త ఆయిల్ పోశాను. మళ్లీ నొక్కింది. అలా చాలాసేపు సాగింది. నొక్కు, ఇడువు, అవే రెండు మాటలు. ఇద్దరికీ ఓపిక లేదు.

బుడగలు తగ్గుతున్నాయనగా ముందు గది నుంచి ఎవరో కేక వేశారు.

"అక్కా, పెరుగున్నదా?"

"ఆఁ, వస్తున్న!" అని ఆమె లివర్ వదిలేసింది. నిప్పల్ ఇంకా తెరిచే ఉంది. పైపులోని గాలి సర్రున లోపలికి పోయింది.

నేను ఆ వాలు గచ్చు మీదే కూర్చుండిపోయాను. కోపం కూడా రాలేదు. ఆమె తిరిగి వచ్చి నన్ను చూసింది.

"ఖరాబు జేసిన్నా?"

"మల్ల మొదటి నుంచి."

ఆమె కొంగుతో మెడ తుడుచుకొని మళ్లీ లివర్ పట్టుకుంది.

చివరికి పైపులో తేనెరంగు ఆయిల్ ఒక్క బుడగ లేకుండా వచ్చింది. నిప్పల్ బిగించాను. ఆమె లివర్ నొక్కి, వదిలి, మళ్లీ నొక్కింది.

"ఇప్పుడు మంచిగ గట్టిగైంది. సూడు."

బండెక్కి ఎడమ చేత్తో నొక్కాను. లివర్ సగం దాకా వచ్చి ఆగింది. ఇంకాస్త బలం పెట్టాను. లివర్ వేళ్లలోంచి జారిపోయింది.

"ఇంకా గాలి ఉన్నట్టుంది," అన్నాను.

"గాలుంటే మెత్తగుంటదంటివి గదా?" ఆమె చెయ్యి చాపి, నా ముందే లివర్‌ను హ్యాండిల్ దాకా నొక్కి చూపించింది. తర్వాత నా ఎడమ చెయ్యి తన చేతిలోకి తీసుకొని, బొటనవేలి కొస, దాని పక్క వేలి కొస గోటితో గిచ్చింది.

"తెలుస్తున్నదా?"

సరిగ్గా తెలియలేదు. ఎన్ని నెలల నుంచి తెలియడం లేదో కూడా చెప్పలేకపోయాను. మిషన్ల స్క్రూలు చేతిలోంచి జారుతుంటే కళ్లు మందగించాయనుకున్నాను. క్లచ్ రోజురోజుకూ తేలికవుతుంటే బండి నా చేతికి అలవాటు పడిందని సంతోషించాను. చెడిపోతున్న క్లచ్, చెడిపోతున్న చెయ్యి ఒకదానికొకటి సర్దుకొని ఇన్నాళ్లూ నన్ను పనికి తీసుకెళ్లాయి. ఆ మధ్యాహ్నం మేం రెండింటిలో ఒకదాన్ని బాగుచేశాం.

మరుసటి రోజు ఆమె పట్టుబట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. మణికట్టులో నరం నొక్కుకుపోయిందని ఆయన చెప్పాడు. ఏమేం పనులు చేశావని అడిగితే నేను మిషన్ల సంగతి చెప్పాను.

"చిన్నప్పటి సంది పాలు గూడ పిండిండు సార్," అంది ఆమె. అదీ ఒక పనేనని నాకు తోచనే లేదు.

మణికట్టుకు కట్టుకోమని పట్టీ ఇచ్చాడు. తగ్గకపోతే చిన్న ఆపరేషన్ అన్నాడు. క్లచ్ బండి వద్దన్నాడు. ఆమె పెరుగు తెచ్చుకునే స్కూటీకి క్లచ్ లేదు, దాన్ని నేను తీసుకున్నాను. పెరుగు క్యాన్లు ఆటోలో తెప్పించుకోవడం మొదలుపెట్టింది. పట్టీతో తగ్గలేదు. వానలు మొదలయ్యాక ఆపరేషన్ చేయించుకున్నాను. తిమ్మిరి పోయింది, పట్టు మాత్రం పూర్తిగా రాలేదు.

దసరా ముందు యాకుత్‌పురా నుంచి ఒకాయన నా బండి కొందామని చూడటానికి వచ్చాడు. కొత్తగా పెళ్లయిందట, భార్యను ఎక్కించుకొని తిరగాలట. రెండు వేళ్లతో క్లచ్ నొక్కి, "మస్తు స్మూత్ ఉందన్నా. ఎక్కడ చేయించినవ్?" అన్నాడు.

"ఇంట్లనే," అన్నాను.

డబ్బులిచ్చి, బండెక్కి ఆయన గల్లీ మలుపు తిరిగేదాకా ఇద్దరం గుమ్మంలో నిలబడ్డాం.

"బండి పోయిందని ఫికర్ జేస్తున్నవా?" అని అడిగింది.

"లేదు. నిద్రొస్తున్నది."

"అయితే పోయి పండుకో. పెరుగు దుకాణం నేను సూస్కుంట," అంది.