చెవి వెనక పిడుదు

ఎనభైల మొదట్లో, అమ్మ తన కిడ్నీ ఇచ్చేదాకా, నేను డయాలసిస్ మీదే బతికాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు దాటాయి. పుదుచ్చేరి బజారులో మాది పప్పుల అంగడి. ఆసుపత్రి నుంచి వచ్చి అంగడి వెనక గదిలో పడుకుంటే, మా గోడౌన్‌కు కాపలా ఉండే కుక్క వచ్చి నా పక్కనే ముడుచుకునేది.

సూదులు గుచ్చడానికి నా ఎడమ మణికట్టు దగ్గర రక్తనాళాలను కలిపి కుట్టారు. అక్కడ వేలు పెడితే లోపల తుమ్మెద తిరిగినట్టు అదిరేది. అది అదిరినంత కాలమే నన్ను డయాలసిస్ మిషన్‌కు తగిలించగలరు.

ఒక వేసవిలో జ్వరం పట్టుకుంది. అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి మచ్చలు లేచాయి. రక్తపోటు పడిపోయింది. ఒక ఉదయం మణికట్టులో అదురు లేదు. వార్డులో చేర్చారు. సూది దగ్గరే ఏదో సోకి ఉంటుందని డాక్టర్లు అనుకోవడం విని, అమ్మ డయాలసిస్ నర్సు మీద విరుచుకుపడింది.

"ఏంది సిస్టర్, చేతులు కడుక్కోకుండా నా బిడ్డను ముట్టుకుంటారా? ఈ జ్వరం యాడ నుంచి వచ్చిందో చెప్పు!"

వార్డంతా చూస్తోంది. నర్సు కళ్లు నిండాయి. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

మధ్యాహ్నం నాకు జడ వేస్తూ అమ్మ ఆగిపోయింది. చెవి వెనక, జుట్టు కింద, ఆముదపు గింజంత పిడుదు. పీకి కొంగున ముడేసింది.

"కుక్క ఉణ్ణి," అంది గొంతు తగ్గించి. "ఎవురికీ చెప్పొద్దు పాపా. మన ఇంటిని ఏమనుకుంటారు?"

నాకూ చెప్పాలని లేదు. మడి కట్టుకుని వండే ఇంటి పిల్ల తలలో కుక్క పురుగు! కానీ ఆ నర్సు ముఖం కళ్ల ముందు నుంచి పోలేదు. సాయంత్రం డాక్టరు రాగానే, అమ్మ వైపు చూడకుండా, "అమ్మ కొంగు ముడి విప్పమనండి సార్," అన్నాను.

ఆయన పిడుదును, నా చెవి వెనక నల్లటి పొక్కును చూశారు. "జ్వరం దీని వల్లేనమ్మా. డయాలసిస్ వాళ్లకు జ్వరమొస్తే మేం సూదుల వైపే చూస్తాం."

"అయితే సిస్టర్ తప్పేం లేదా సార్?" వార్డుకు వినిపించేలా అడిగాను.

"ఏమీ లేదు."

అమ్మ తల దించుకుంది.

మందు మార్చాక జ్వరం తగ్గింది. మణికట్టులో రక్తం గడ్డకట్టి అదురు మాత్రం తిరిగి రాలేదు. కుడిచేతికి కొత్తగా కుట్టి, అది కుదురుకునేదాకా మిషన్ కోసం తొడ దగ్గర గొట్టం పెట్టారు. రోజూ ఆ గొట్టం చుట్టూ కట్టు మార్చేది ఆ నర్సే. ఆమె వస్తే అమ్మ వరండాలోకి వెళ్లిపోయేది. ఒకరోజు వెళ్లలేదు.

"నోరు జారినాను తల్లీ," అంది.

నర్సు కట్టు విప్పుతూ తలెత్తలేదు. "పరవాలేదమ్మా. ఆ లైటు కొంచెం ఇటు తిప్పండి."

అమ్మ గబగబా తిప్పి, పని అయ్యేదాకా దాన్ని పట్టుకునే నిలబడింది.