గంప కింద సీమ ఎలుకలు

మా ఇంట్లో ఏడో తరగతి పాసైన మొదటివాణ్ణి నేను. సంతపూరు పంచాయతీకి రెండుసార్లు గెలిచాను. లొంగని కోడెలను కాడికి అలవాటు చేయాలంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నన్నే పిలిచేవారు. ఇవన్నీ జనం ఎరిగినవే. మా అక్క హేబ్సిబా సాధించినది మాత్రం బీదరులో ఆమె ఉన్న వీధి దాటి ఎవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

మా కర్ణాటకకు ఇంకా మైసూరు రాష్ట్రమనే పేరున్న రోజులవి. పెళ్ళయి బీదరు వెళ్ళిన కొన్నేళ్ళకే బావ పోయాడు. పిల్లలు లేరు. ఆస్పత్రి డాక్టరు జయమాల గారింట్లో అక్క వంట చేసేది, తన పెరట్లో కోళ్ళు పెంచేది. గద్దకు గానీ పిల్లికి గానీ అక్క కోడిపిల్ల ఒక్కటి కూడా చిక్కలేదని పేరు. పొద్దు గూకేసరికి వాటి మీద గంప బోర్లించడంలో ఆమెది అంత నేర్పు.

డాక్టరమ్మ దగ్గర రెండు గినీ పిగ్గులు ఉండేవి. తోక లేని, కుందేలు పిల్లంత జీవాలు. మావాళ్ళు సీమ ఎలుకలనేవారు. ల్యాబులో పరీక్షల కోసం తెచ్చినవాటిలో ఈ రెండింటిని ఆమె ముచ్చటపడి ఇంటికి తెచ్చుకుంది. ఇంతలో ఆమెకు శివమొగ్గ బదిలీ అయింది. అంత దూరం ప్రయాణంలో అవి బతకవు, మళ్ళీ ల్యాబుకే ఇచ్చేస్తానంది. ఆ రోజు అక్కకు ముద్ద దిగలేదు. అక్కడికి పోయినవి తిరిగి రావని ఆమెకు తెలుసు. తనే సాకుతానని అడిగి తెచ్చుకుంది. డాక్టరమ్మ ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది. సామాను లారీ వచ్చే రోజు వచ్చి చూస్తాను, నీ చేతి మేత తింటుంటే అవి నీవి, బెదిరి కడుపు మాడ్చుకుంటుంటే వెనక్కి తీసుకుపోతానంది.

అక్క కోళ్ళకు చేసినట్టే వాటికీ చేసింది. పొద్దు గూకగానే గంప బోర్లించేది, తెల్లారి తీసేది. గంప లేచిందో లేదో అవి మూలకు దూరేవి. వేసిన ఆకు వేసినట్టే ఉండేది. చూస్తుండగానే చిక్కిపోయాయి.

పక్కింటి సుందరాబాయి గోడ మీంచి చూసి, "అక్కా, గివి గుడ్లు పెడుతయా, పాలిస్తయా? ల్యాబోళ్ళకిచ్చి పీడ వదిలించుకో" అంది.

నేను మా పొలం గట్టు మీది లేత గరిక కోసుకుని వెళ్ళాను. గట్టిగా ఒడిసిపట్టి ఒళ్ళో అదిమిపెట్టు, కోడెలైనా అట్లనే లొంగుతాయని సలహా ఇచ్చాను.

"ఇవి ఏమన్న కాడి మొయ్యాల్నా తమ్మీ?" అంది అక్క.

ఆ మధ్యాహ్నమే పెరడు మీదుగా గద్ద పోయింది. నీడ పడగానే కోళ్ళన్నీ నేలకు నక్కాయి. ఆ రెండు సీమ ఎలుకలూ అచ్చం అట్లాగే నక్కాయి. అక్క చేతిలోని చాట అట్లాగే ఆగిపోయింది.

"చూసినవా తమ్మీ? పొద్దుమూకినప్పుడల్ల నేనే గద్దనై వాటి మీద వాలుతున్న."

ఆ పూట నుంచి గంప బోర్లించడం మానేసింది. దాన్ని పక్కకు ఒరిగించి, మీద పాత గోనెసంచి కప్పి, వంటింటి మూలలో గుహలా పెట్టింది. పిల్లి రాకుండా రాత్రి తలుపు వేసేది. తను పక్కనే నేల మీద కూర్చుని వాటి వంక చూడకుండా బియ్యం ఏరుకునేది. సన్నగా ఏదో కీర్తన పాడేది. ఒక చెయ్యి మాత్రం కొత్తిమీర కాడలతో నేలకు ఆనించి ఉంచేది. మొదట ముక్కు కనపడింది. తర్వాత ఒక కాడ లాక్కుని లోపలికి పరుగు. అంతకు మించి అక్క ఆశపడలేదు, తొందరా పడలేదు.

లారీ రానే వచ్చింది. సామాను ఎక్కించడానికి వెళ్ళిన నేను డాక్టరమ్మ వెంటే అక్క ఇంటికి వచ్చాను. ఆమె గుమ్మంలో నిలబడగానే రెండూ గంపలోకి మాయమయ్యాయి. ఆమె ముఖం చిన్నబోయింది. అటెండరును పెట్టె తెమ్మంది.

అన్నేళ్ళలో ఆమెకు ఎదురు మాట చెప్పి ఎరుగని అక్క అప్పుడు నోరు తెరిచింది.

"అమ్మా, మీరు నిలబడితె అవి రావు. జర కింద కూసోండ్రి."

ప్రయాణానికి కట్టుకున్న పట్టుచీరతోనే డాక్టరమ్మ పేడతో అలికిన నేల మీద కూర్చుంది. అక్క పక్కనే కూర్చుని, ఎప్పటిలాగే కొత్తిమీర కాడలున్న చెయ్యి నేలకు ఆనించింది. బయట లారీ హారను మోగింది. ఎవరం కదల్లేదు. చాలాసేపటికి గోధుమరంగుది బయటికొచ్చి, డాక్టరమ్మ మోకాలి పక్కగా నడిచి, ముందు కాళ్ళు రెండూ అక్క అరచేతిలో పెట్టి కొత్తిమీర నమలసాగింది. డాక్టరమ్మ దాన్ని నిమరబోయి, తనే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పెట్టె అక్కర్లేదు" అని అటెండరుకు మెల్లగా చెప్పి లేచింది.

అందరం సాగనంపడానికి వీధిలోకి వెళ్ళాం. అక్క ఒక్కతే రాలేదు. లారీ మలుపు తిరిగి వెళ్ళిపోయాక వచ్చి చూస్తే, కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తకుండా అక్కడే కూర్చుని ఉంది. ఆమె అరచేతిలో అది ఇంకా తింటోంది.